అలాస్కాలో వెండి, మామత్ దంతం: ఎక్కడ చూడాలి, ఎక్కడ కొనాలి

అలాస్కా అనగానే మనవాళ్లు క్రూజ్ ఎక్కి, మంచుకొండలు చూసి, ఎలుగుబంటి బొమ్మ ఉన్న టీషర్టులు కొనుక్కుని వచ్చేస్తారు. నేనూ, మా ఆయనా, సియాటిల్‌లో ఉండే మా వదినా మాత్రం అక్కడి నగల కోసం వెళ్లాం. మామత్ అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు లాంటి జంతువు. వేల ఏళ్లు గడ్డకట్టిన నేలలో ఉండిపోయిన దాని దంతాన్ని కోసి, మెరుగుపెట్టి, వెండిలో పొదుగుతారు. వాల్రస్ అనే సముద్ర జంతువు పాత దంతంతో చేసినవీ దొరుకుతాయి. శిలాజం అంటారు గానీ చాలా ముక్కలు రాయిగా మారినవి కావు, దంతం దంతంగానే ఉంటుంది.

యాంకరేజ్‌లో దిగగానే చాలామంది డౌన్‌టౌన్ ఫోర్త్ అవెన్యూ గిఫ్టు షాపుల్లో పడతారు. మేమూ అక్కడే మొదలుపెట్టాం. ఒక షాపులో అట్ట మీద ‘ఐవరీ’ అని మాత్రమే రాసి ఉంది. మామత్‌దా, వాల్రస్‌దా అని అడిగితే అమ్మాయి లోపలికి వెళ్లి వచ్చి ‘ఏదో ఒకటే’ అన్నట్టు నవ్వింది. ఎవరు చేశారన్నదానికీ జవాబు లేదు. ధర మాత్రం వందల డాలర్లు. అక్కడ కొనకండి. కొనేముందు రెండు గుర్తులు చూసుకోవాలి. వెండి చెయ్యి బొమ్మ ఉన్న సిల్వర్ హ్యాండ్ ముద్ర ఉంటే అది అలాస్కా మూలవాసి కళాకారుల పని. తల్లి ఎలుగు, పిల్ల ఎలుగు బొమ్మ ఉంటే అది అలాస్కాలో తయారైన వస్తువు.

నాకు నచ్చిన చోటు ఆసుపత్రిలో ఉంది. అలాస్కా నేటివ్ మెడికల్ సెంటర్ లోపల చిన్న క్రాఫ్ట్ షాపు. వస్తువు ఎవరిదో, ఏ ఊరిదో అడిగితే చెప్పారు. డౌన్‌టౌన్ కంటే ధరలూ నయం. తెరిచి ఉండే గంటలు తక్కువ, ఫోన్ చేసి వెళ్లండి. యాంకరేజ్ మ్యూజియంలో స్మిత్‌సోనియన్ వాళ్ల ఆర్కిటిక్ విభాగం కూడా ముందే చూసేయండి. మూలవాసుల పాత వస్తువులు 600కు పైగా ఉన్నాయి. అవి చూశాక షాపులో మంచి పని, నాసి పని మీకే తెలిసిపోతుంది. నగరంలో సేల్స్ ట్యాక్స్ లేదని సంబరపడేలోపు హోటల్ బిల్లులో 12 శాతం బెడ్ ట్యాక్స్ కనబడింది. వేసవిలో గదుల రేట్లు అసలే మండిపోతాయి.

ఫెయిర్‌బ్యాంక్స్‌కు రైల్లో వెళ్తే దాదాపు 12 గంటలు. కిటికీ పక్కన కూర్చుంటే బాగుంటుంది గానీ ముగ్గురి టికెట్ల డబ్బుతో కారే మేలనిపించింది. అక్కడి యూనివర్సిటీలో మ్యూజియం ఆఫ్ ద నార్త్ ఉంది. అందులో ‘బ్లూ బేబ్’ అనే మంచుయుగపు అడవిదున్న. 1979లో బంగారం తవ్వేవాళ్లకు గడ్డకట్టిన మట్టిలో దొరికింది. శరీరంలోని ఫాస్ఫరస్, నేలలోని ఇనుము కలిసి వివియనైట్ అనే ఖనిజం ఏర్పడి, గాలి తగలగానే నీలంగా మారిందట. మామత్ దంతాలకూ ఈ ఖనిజం నుంచే నీలి రంగు పడుతుంది. గోధుమ, తేనె రంగుల ముక్కల కంటే నీలం ముక్క ఎందుకంత ప్రియమో అక్కడ అర్థమైంది. బస విషయంలో మాత్రం ఫెయిర్‌బ్యాంక్స్ మాకు కలిసిరాలేదు. జూన్‌లో అక్కడ రాత్రి అనేదే ఉండదు, మా గది తెరలేమో పల్చటి లేసు. కళ్లకు చున్నీ కట్టుకుని పడుకున్నాం. బ్లాకౌట్ కర్టెన్లు ఉన్నాయో లేవో ముందే అడగండి. దోమల మందు కూడా మర్చిపోవద్దు.

ఈ ప్రయాణంలో అసలు ఫలం హోమర్‌లో దక్కింది. యాంకరేజ్ నుంచి 220 మైళ్లు, దారంతా ఒక పక్క కొండ, ఒక పక్క నీళ్లు. ఊళ్లో కళాకారులు ఎక్కువ. ముందే మాట్లాడుకుని ఒక వెండిపనివాడి వర్క్‌షాప్‌లో కూర్చున్నాం. ఫీజు తక్కువేం కాదు, కానీ ప్రతి డాలరూ గిట్టింది.

ఆయన ముందు దంతాన్ని సన్నటి పలకలుగా కోశాడు. కోసిన ముఖం భూతద్దం కింద పెడితే ఒకదాన్నొకటి అడ్డంగా దాటే గీతలు కనబడ్డాయి. పైపొరకు దగ్గర్లో ఆ గీతల మధ్య కోణం 90 డిగ్రీలకు తక్కువైతే మామత్, 115 దాటితే ఏనుగు. తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 400, 600, 1200 దాకా నీళ్లతో తడుపుతూ రుద్దాడు. పొడిగా రుద్దితే వేడెక్కి పగుళ్లొస్తాయి, ఆ ధూళి పీల్చకూడదు కూడా. అందరికీ మాస్కులిచ్చాడు. అయినా పంటి డాక్టరు గదిలో డ్రిల్ వేసినప్పుడొచ్చే వాసన వచ్చింది.

వెండి గూడు విడిగా తయారవుతుంది. అడుగున 925 వెండి రేకు, దాని మీద నిలబెట్టే పట్టీ 999 మేలిమి వెండి. మేలిమి మెత్తన కాబట్టి తర్వాత సులువుగా వంగుతుంది. పట్టీని పలక చుట్టూ తిప్పి కొలత తీసి, కొసలు అతికి, రేకు మీద పెట్టి టంకం వేశాడు. నలుపు పోవడానికి వేడి ఆమ్లంలో ముంచితే వదిన నా చెవిలో, ‘‘మన కంసాలి చింతపండు పులుసుతో చేసేవాడు, గుర్తుందా?’’ అంది. మంట పనంతా అయ్యాకే దంతాన్ని గూట్లో కూర్చోబెట్టాడు. పట్టీని ఒక వైపు కాస్త నొక్కి, వెంటనే ఎదురు వైపు నొక్కి, అలా చుట్టూ తిరిగాడు. ఒకే వైపు నుంచి నొక్కుకుంటూ పోతే చివర్లో పట్టీ ముడతపడుతుంది. పనిముట్టు జారితే దంతం మీద గీత పడ్డట్టే.

ఉంగరం కొనేవాళ్లు సైజు అక్కడే సరిచూసుకోండి. తర్వాత మార్చాలంటే మంట తగలాలి, దంతం మాడిపోతుంది కాబట్టి ముందు దాన్ని ఊడదీయాలి. ఇంటికొచ్చాక శుభ్రం చేయడానికి చింతపండు, సిల్వర్ డిప్, అల్ట్రాసోనిక్ క్లీనర్ లాంటివేవీ వద్దు. మెత్తటి గుడ్డ చాలు.

హోమర్‌లో బస కొండ మీద చిన్న క్యాబిన్. కిటికీలోంచి కచెమాక్ బే, లోపల వంటగది. శాకాహారులకు ఆ వంటగదే ఆధారం, ఊళ్లో ఎటు చూసినా హాలిబట్ చేపే. మా ఆవకాయ సీసా అక్కడే ఖాళీ అయింది.

వాల్రస్ నగ విషయంలో కాస్త జాగ్రత్త. 1972 నాటి చట్టం ప్రకారం కొత్త వాల్రస్ దంతాన్ని మూలవాసులే, అదీ చేతిపనిగా మలిచాకే అమ్మాలి. పాత దంతం చాలావరకు అలాస్కాలోని సెయింట్ లారెన్స్ దీవి నుంచి వస్తుంది. అక్కడివాళ్లు తమ పూర్వీకుల ఊళ్ల దిబ్బలు తవ్వి అమ్ముతారు. చరిత్ర పోతోందని పురావస్తువాళ్ల బాధ. నేల వాళ్లది, బతుకూ వాళ్లదే, మనం తీర్పు చెప్పలేం. అయినా నా మనసు మామత్ వైపే మొగ్గింది. పైగా వాల్రస్ నగతో కెనడా మీదుగా వస్తే పర్మిట్ కావాలి, క్రూజ్‌లో వెళ్లేవాళ్లకు ఇదో టెన్షన్. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మామత్ దంతం అమ్మకమే నిషేధం కాబట్టి అక్కడి అడ్రస్‌కు పంపమంటే షాపులు వెనకాడతాయి.

ఇండియాకు మాత్రం నేను తీసుకెళ్లను. మన దగ్గర దిగుమతి చేసిన ఏనుగు దంతం వ్యాపారాన్ని కూడా 1991లోనే నిషేధించారు. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో సూట్‌కేస్ తెరిచి, ఇది ఏనుగుది కాదు మొర్రో అని ఎవరికి గీతలు చూపిస్తాం? మా అత్తగారికి అదే వర్క్‌షాప్‌లో దంతం లేని వెండి గాజులు తీసుకున్నాం. తేనె రంగు కమ్మలు నావి, నీలం లాకెట్ వదినది.