ఎంపీ కావాలంటే: లోక్‌సభా, రాజ్యసభా?

ఖర్చు: లోక్‌సభకు డిపాజిట్ 25,000 రూపాయలు, మన రాష్ట్రాల్లో అభ్యర్థి వ్యయ పరిమితి 95 లక్షలు. రాజ్యసభకు డిపాజిట్ 10,000.

శ్రమ: లోక్‌సభకైతే ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు ఎండనపడి తిరగాలి. గెలిచాక తెల్లవారకముందే వాకిట్లో అర్జీలు: ఒకరికి రైల్వే గేటు, ఇంకొకరికి ఆసుపత్రి సిఫారసు లేఖ. ప్రజాప్రతినిధికి అసలు చదువు అక్కడే అని నా నమ్మకం. రాజ్యసభకు ఓటర్లు ఎమ్మెల్యేలు. వేసిన ఓటును పార్టీ ఏజెంటుకు చూపించాలి కాబట్టి అధిష్ఠానం మాటే కీలకం.

ముప్పు: లోక్‌సభ గడువు 5 ఏళ్లు, మధ్యలో రద్దు కావచ్చు. రాజ్యసభ సభ్యత్వం 6 ఏళ్లు, సభ రద్దు కాదు.

అధికారం: అవిశ్వాస తీర్మానం లోక్‌సభకే.

జనంలో పెరిగి, 25 నిండి, ఓటమిని తట్టుకోగలవారికి లోక్‌సభ. 30 నిండి, చట్టాల లోతు తెలిసి, పార్టీ నమ్మకం ఉన్నవారికి రాజ్యసభ. అయితే తెలంగాణకు ఉన్నవి 7 స్థానాలే, ఆంధ్రప్రదేశ్‌కు 11.