కాలేజీ ఫీజు రసీదులతో ట్యాక్స్ ఆఫీసుకి: తిరుపతిలో నాకు నచ్చిన చోటు

పిల్లలు ఇంజనీరింగ్‌లోనో ఫార్మసీలోనో చేరిన టీచర్లు మా స్టాఫ్‌రూమ్‌లో ప్రతి వేసవీ అడిగే ప్రశ్న ఒకటే, ఆదాయపు పన్ను రిటర్న్ ఎక్కడ వేయిస్తున్నావు, ఫీజు రసీదులు పెడితే పన్ను ఎంత తగ్గింది అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నేను వెళ్లేది బాలాజీ కాలనీ వైపు, మేడ మీద ఉన్న చిన్న ఆఫీసు. రిటర్న్‌లు వేసే సార్, ఒక అసిస్టెంట్ అమ్మాయి, అంతే. జూలైలో ఇప్పటికే జనాన్ని తట్టుకోలేకపోతున్నామని పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. కానీ అక్కడ పని ఎలా చేస్తారో చెబితే మీరు వెళ్లే చోట మీరూ అడగొచ్చు.

మొదట నచ్చిన సంగతి, ఆయన రసీదు చదువుతారు. మా పెద్దవాడి కాలేజీ రసీదు పెన్సిల్‌తో లైను లైనుగా చూశారు. ట్యూషన్ ఫీజు దగ్గర టిక్, డెవలప్‌మెంట్ ఫీజు కొట్టేశారు, బస్సు కొట్టేశారు, హాస్టల్, మెస్ కొట్టేశారు, కాషన్ డిపాజిట్ తిరిగొచ్చే డబ్బు కాబట్టి అసలు లెక్కలోకే రాదన్నారు. ఆదాయపు పన్ను చట్టంలోని 80సీ సెక్షన్ కింద, పన్ను వేసే ఆదాయంలోంచి తగ్గించమని ఈ రసీదులో చూపించుకునేది ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ మన దేశంలోని కాలేజీలో ఫుల్‌టైమ్ కోర్సుకి, ఇద్దరు పిల్లల వరకే, ఆ ఆర్థిక సంవత్సరంలో నిజంగా కట్టిన డబ్బుకే. అంతకుముందు ఊళ్లోనే ఇంకో చోట మా కొలీగ్ ఒకావిడకి హాస్టల్‌తో సహా మొత్తం రసీదు వేసేశారు, తర్వాత నోటీసు వస్తే పాపం ఆవిడ పడిన టెన్షన్ నేను కళ్లారా చూశాను.

రెండోది, భార్యాభర్తలిద్దరూ పన్ను కట్టేవాళ్లైతే ఎవరి ఖాతాలోంచి ఫీజు వెళ్లిందో అడుగుతారు. ఇద్దరికీ 80సీలో విడివిడిగా లక్షన్నర పరిమితి ఉంటుంది. మాలాంటి పాత టీచర్లకి పీఎఫ్, ప్రభుత్వ ఉద్యోగుల బీమాలైన ఏపీజీఎల్‌ఐ, జీఐఎస్, ఇంటి లోన్‌లో కట్టే అసలు మొత్తం కలిపితేనే ఆ లక్షన్నర నిండిపోతుంది, ఇక పిల్లవాడి ఫీజు పెట్టడానికి చోటే ఉండదు. అదే ఫీజు భర్త కట్టి, ఆయనకి ఆ పరిమితి ఖాళీగా ఉంటే, ఆయన వాడుకోవచ్చు. ఈ మాట నాకు చాలా ఏళ్లు ఎవరూ చెప్పలేదు, ఆఫీసులో ఫామ్‌లు తీసుకునేవాళ్లు కూడా.

ఇప్పుడు అసలు విషయం. ఫిబ్రవరి జీతం బిల్లుకి ముందు జీతం బిల్లులు చేసే అధికారి డీడీవోకి ఐటీ షీట్లు (పన్ను లెక్క కాగితాలు) ఇచ్చేస్తాం కాబట్టి పని అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు, జీతం మీద బతికేవాళ్లు పాత విధానమా (మినహాయింపులు ఉంటాయి, రేట్లు ఎక్కువ) కొత్త విధానమా (రేట్లు తక్కువ, మినహాయింపులు చాలావరకు ఉండవు) అన్నది రిటర్న్ వేసేటప్పుడు మార్చుకోవచ్చు, కాకపోతే గడువు లోపలే, అంటే మామూలుగా జూలై 31 లోపలే వేయాలి, దాటితే పాత విధానం చేజారిపోతుంది, పైగా లేట్ ఫీజు 5,000 దాకా. ఇందులో ఫీజు కట్టే తల్లిదండ్రులకి పట్టే సంగతి ఏమిటంటే, ట్యూషన్ ఫీజు మినహాయింపూ ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ మినహాయింపూ రెండూ పాత విధానంలోనే ఉన్నాయి. 2023–24 నుంచి మనం ఏదీ ఎంచుకోకపోతే పడేది కొత్త విధానంలో.

సార్ నా ముందే 2025–26కి రెండు లెక్కలూ వేసి చూపించారు. జీతం 14 లక్షలు అనుకోండి. కొత్త విధానంలో, జీతం ఉన్నవాళ్లందరికీ రసీదులతో పనిలేకుండా తగ్గించే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా పన్ను సెస్‌తో 81,900. పాత విధానంలో 50 వేల స్టాండర్డ్ డిడక్షన్, 80సీ లక్షన్నర, పెద్దవాడి లోన్‌కి నేను కట్టిన వడ్డీ లక్షా పదివేలు, ఇంటి లోన్ వడ్డీ 2 లక్షలు, ఇన్ని తీసేసినా, చిన్నచిన్న కోతలు పక్కన పెడితే, 94 వేలు దాటుతుంది. "మేడమ్, ఈ రసీదులు జాగ్రత్తగా దాచుకోండి, కానీ ఈ ఏడాది మీకు వీటితో పనిలేదు" అన్నారు. రసీదుల కట్ట చూపించి ఎక్కువ ఫీజు గుంజే వీలున్నా ఆ మాట అన్నందుకే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. జీతం 12 లక్షల 75 వేల లోపు ఉన్నవాళ్లకైతే కొత్త విధానంలో జీతం మీద పన్నే పడదు కాబట్టి ఇంకేం ఆలోచించక్కర్లేదు.

పన్ను తగ్గింది, సంతోషమే. కానీ పిల్లల్ని చదివిస్తున్న ఇల్లూ చదివించే బాధ్యత లేని ఇల్లూ కొత్త విధానంలో ఒకే లెక్కలోకి వస్తాయి, ఇది నాకు మింగుడుపడటం లేదు. ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగం ఉంది కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు ఎలాగూ రాదు, అది రావాల్సిన పేదవాళ్లకే రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. మధ్యలో ఉన్న మాలాంటి వాళ్లకి మిగిలిన ఒక్క ఆసరా ఈ మినహాయింపు, అది కొత్త విధానంలో కూడా ఉంచాలని నా గట్టి అభిప్రాయం.

అలాగని పాత విధానం ఎవరికీ పనికిరాదని కాదు. చిత్తూరులో ఉండే మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరస, కూతురి ఎంఎస్ కోసం తన పేరు మీదే పెద్ద లోన్ తీసుకున్నాడు. ఆయన్నీ ఇక్కడికే తీసుకొచ్చాను. జీతం 15 లక్షలు, ఏడాదికి కట్టిన వడ్డీ 4 లక్షల 40 వేలు. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి ఉన్న 80ఈ సెక్షన్ మినహాయింపుకి గరిష్ఠ పరిమితి లేదు, విదేశీ చదువైనా సరే, వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి 8 ఏళ్ల వరకు చూపించుకోవచ్చు, అసలు మాత్రం రాదు, బంధువుల దగ్గర తెచ్చిన అప్పుకీ రాదు. 80సీ లక్షన్నర కూడా కలిపితే ఆయనకి పాత విధానంలో 87,880, కొత్త దాంట్లో 97,500. దాదాపు పదివేలు మిగిలాయి. వదినకి ఆ రోజు ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ అమ్మాయి చదివేది న్యూయార్క్ రాష్ట్రంలో. అక్కడ పద్ధతి వేరు, రాష్ట్రం కూడా ఆదాయపు పన్ను వేస్తుంది, ఆ పన్నులోంచే కాలేజీ ట్యూషన్ కోసం ఒక్కో విద్యార్థికి 400 డాలర్ల వరకు నేరుగా తగ్గిస్తుంది, అక్కడ ఏడాదంతా నివాసం ఉన్నవాళ్లకి కట్టాల్సిన పన్ను అంతకంటే తక్కువైతే మిగతాది చేతికే ఇస్తుంది. మనకి తగ్గేది పన్ను వేసే ఆదాయం, వాళ్లకి తగ్గేది పన్నే. అయితే అది డిగ్రీ స్థాయి చదువుకే, ఎంఎస్‌కి వర్తించదు, అందుకని మా అన్న కూతురికి రాదు. మన దగ్గర జీతాల మీద ఆదాయపు పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదు, అది కేంద్రానిదే, కాబట్టి ఆంధ్రప్రదేశ్ చేసే సాయం రీయింబర్స్‌మెంట్ రూపంలోనే ఉంటుంది.

ఈ ఆఫీసులో ఇంకో మంచి పద్ధతి, కాగితం లేకపోతే ఏదీ వేయరు. లోన్ వడ్డీకి బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, లోన్ అకౌంట్ నంబరు, మంజూరైన తేదీ ఉండాల్సిందే. రిటర్న్‌లో ఇప్పుడు ఇవన్నీ అడుగుతున్నారు కూడా. "అందరికీ రిఫండ్ తెప్పిస్తున్నారు, మీరెందుకు తెప్పించరు" అని నా ముందే ఒకాయన గొడవ పెట్టుకుని వెళ్లిపోయాడు, సార్ కదల్లేదు. 2025 జూలైలో దొంగ మినహాయింపుల మీద ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు చేసింది, తప్పుడు రిటర్న్ వేసిన ఏజెంటు ఎటో పోతాడు, నోటీసు మాత్రం మన పేరు మీదే వస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. జూలై రెండో వారం దాటితే ఫోన్ ఎత్తరు. మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్న పెన్షనర్లు పైకి రావడానికి నానా అవస్థ పడుతున్నారు, వాళ్ల కోసం కింద ఒక కుర్చీ వేసి అసిస్టెంట్ అమ్మాయిని పంపితే ఎంత బాగుంటుందో. లెక్క కాగితం అడిగితేనే ఇస్తారు, అదీ ఇంగ్లీషులోనే, తెలుగులో ఒక పేజీ ఇస్తే మా అమ్మ లాంటి వాళ్లకి కూడా అర్థమవుతుంది. కూర్చునే చోటు నలుగురికి సరిపోతుంది, జనం ఎప్పుడూ అంతకంటే ఎక్కువే. ఫీజు మాత్రం న్యాయంగా ఉంది, రెండు విధానాల లెక్కకీ కలిపి నా దగ్గర 800 తీసుకున్నారు.

ఐదుకి నాలుగు ఇస్తాను. మీరు ఎక్కడికి వెళ్లినా సరే, జీతం, అందులో కోసిన పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చే ఫారం 16 చేతికి రాగానే జూన్ చివర్లోనే వెళ్లండి. ఫీజు రసీదు మొత్తం అంకె ఒక్కటే ఉన్నది కాకుండా, ఏ ఫీజు ఎంతో విడివిడిగా రాసి ఉన్నది కాలేజీ నుంచి అడిగి తీసుకోండి. కొన్ని కాలేజీలు అడిగితే గానీ ఇవ్వవు.