వేడెక్కే ల్యాప్‌టాప్, బాలాజీ కాలనీ రిపేరు షాపు

బాలాజీ కాలనీ సందులో మెట్ల కింద ఒక చిన్న ల్యాప్‌టాప్ రిపేరు షాపు ఉంది, దాని గురించే ఇది. పని బాగా చేస్తాడు, చెప్పిన రోజుకి మాత్రం ఇవ్వడు.

నాది ఐదేళ్ల ల్యాప్‌టాప్. ఏప్రిల్ నుంచి పది నిమిషాలు వాడితే చాలు కీబోర్డు పైభాగం పెనంలా కాలేది, ఫ్యాన్ హోరు పక్క గదికి వినబడేది, వీడియో కాల్ మధ్యలో టపీమని ఆఫ్ అయిపోయేది. మొదట వేరే చోట ఇచ్చాను, పేరెందుకులే. దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడి బయటికి పోవడానికి దాని మీద రాసే థర్మల్ పేస్ట్ కొత్తది వేశామని 800 తీసుకున్నారు, ఇంటికొచ్చి చూస్తే ముందుకంటే ఘోరం. అడిగితే "ఎండలు సామీ, తిరపతిలో అన్నీ ఇంతే" అన్నారు. ఏసీ గదిలో ఆన్ చేసిన రెండు నిమిషాలకే ప్రాసెసర్ 98 డిగ్రీలు చూపిస్తుంటే మధ్యలో ఎండ ఏం చేసింది?

ఈ షాపాయన కింది మూత విప్పి నన్నే చూడమన్నాడు. ప్రాసెసర్ మీద నుంచి ఫ్యాన్ దగ్గరి రేకుల దాకా పోయే రాగి గొట్టం, హీట్ పైపు, ఒకచోట మడత పడి ఉంది. స్క్రూలన్నీ విప్పకుండానే బలవంతంగా లేపినట్టున్నారు. నేను అది ఉత్త రాగి బద్ద అనుకునేవాణ్ని. లోపల బోలుగా ఉంటుందట, కాసిన్ని నీళ్లుంటాయట. వేడి తగిలిన చోట ఆవిరై, ఇడ్లీ పాత్ర మూతకి చుక్కలు పట్టినట్టు ఫ్యాన్ వైపు చల్లబడి మళ్లీ వెనక్కి వస్తాయి. మడత పడితే ఆ దారి మూసుకుపోతుంది. "ఎంత మంచి పేస్ట్ వేసినా దండగన్నా, మొత్తం సెట్టు మార్చాల్సిందే" అన్నాడు. ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పలక, కూలింగ్ ప్యాడ్, కొననా అంటే వద్దన్నాడు, అమ్మకానికి వెనకాల నాలుగు పెట్టుకుని కూడా. నాకు నచ్చింది అదే.

ఇక "ఎల్లుండికి ఇస్తా" అన్నది తొమ్మిది రోజులైంది. ఫోన్ ఎత్తడు, నాలుగుసార్లు బండేసుకుని పోయాను. ఒకసారి పార్టు వచ్చింది కానీ మోడల్ వేరేదని ఆయనే వెనక్కి పంపాడు, అది సరే, ఆ ముక్క ఫోన్‌లో చెప్పొచ్చు కదా.

ఫ్యాన్‌తో కలిపి 2,600 అయింది. పాత సెట్టు అడక్కుండానే చేతికిచ్చాడు. ఇప్పుడు ఎంత పని చేసినా 85 దాటడం లేదు, ఆఫ్ అవడం లేదు. కింద రబ్బరు బుడిపె ఒకటి అంటించడం మర్చిపోయాడు, బల్ల మీద కాస్త ఊగుతోంది. అడిగితే ఎల్లుండి రమ్మన్నాడు.