ఉప్పుచేప పునుగులు: చేపను నానబెట్టడం మేలా, ఉడికించడం మేలా?

ఉప్పుచేప అనగానే మన విజయవాడ, గుంటూరు ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పప్పుచారు. అందులోకి నంజుకునే ముక్క కాస్త ఉప్పగా ఉన్నా అన్నం సర్దేస్తుంది. పునుగుల్లో ఆ వెసులుబాటు లేదు. పిండిలో కలిసిపోయిన ఉప్పును ఎవరూ వెనక్కి తీయలేరు. అందుకే జమైకా పద్ధతిలో ఉప్పుచేప పునుగులు వేసుకోవాలనుకునేవారు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: ముందురోజే నానబెట్టాలా, అప్పటికప్పుడు ఉడికించి నీళ్లు వార్చేస్తే సరిపోతుందా?

ఉడికించడంలో సుఖం తెలిసిందే. చన్నీళ్లలో ముక్కలు వేసి, మరిగాక ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లు పోసి మరిగిస్తే అరగంటలో పని అయిపోతుంది. పలుచటి ముక్కలకు ఇది చెల్లుతుంది. మందపాటి ముక్క మాత్రం పైన చప్పబడి, నడుమ ఇంకా ఉప్పగానే మిగులుతుంది. దానికితోడు వేడి తగలగానే చేప కండ బిగుసుకుంటుంది. రెండు మూడు సార్లు మరిగాక దాని రుచి కూడా చాలావరకు పారబోసిన నీళ్లతోనే పోతుంది. అప్పటికే బిగుసుకున్న కండ నూనెలో మళ్లీ వేగితే పంటికి పీచు తగలక ఏమవుతుంది?

నా ఓటు నానబెట్టడానికే. చన్నీళ్లలో ముక్క నెమ్మదిగా నీరు పీల్చుకుంటుంది, ఉప్పు అంతే నెమ్మదిగా బయటికి వస్తుంది, కండ మెత్తగానే ఉంటుంది. అయితే నీళ్లు మార్చకుండా తెల్లవార్లూ వదిలేస్తే ఫలితం సగమే. గిన్నెలో నీళ్లూ ఉప్పెక్కిపోయాక చేపలోని ఉప్పు ఇక కదలదు. ముక్కలను ఉప్పు రాలేలా కడిగి, చేపకు నాలుగైదు రెట్లు నీళ్లు పోసి, కనీసం మూడుసార్లు మార్చండి. రెండు వేళ్ల మందం ముక్కకు పన్నెండు గంటలైనా పడుతుంది. గిన్నెను ఫ్రిజ్‌లోనే పెట్టాలి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం కాబట్టి ఎండుచేపలు వెతుక్కునేది కూడా నడివేసవిలోనే. ఆ ఎండల్లో వంటింటి గట్టు మీద వదిలేసిన చేప పాడవుతుంది.

నానిన ముక్కను వేలితో నొక్కితే పొరలు విడివడాలి. నడుమ నుంచి చిన్న రేకు తీసి మరిగే నీళ్లలో ముంచి రుచి చూడండి. నాలుకకు కాస్త ఉప్పు తెలియాలి, అంతే. పూర్తిగా చప్పబడితే ఉప్పుచేప వాడిన ఫలమే ఉండదు. ఆ తర్వాత సన్నటి సెగ మీద ఐదు నిమిషాలు ఉడికించి, ముళ్లు ఏరి, చేత్తో చిదమాలి. మిక్సీ వద్దు.

పాలలో నానబెట్టడం, చింతపండు నీళ్లలో వేయడం నీచు తగ్గించడానికి పనికొస్తాయి, ఉప్పు తీయడానికి కాదు.

జమైకాలో వాడేది ఉత్తర అట్లాంటిక్ చల్లటి నీళ్ల కాడ్ చేప. చెరకు తోటల్లో బానిసలకు తిండిగా పెట్టడానికి అక్కడికి ఓడల్లో తెచ్చిన చవక సరుకది. మనకు బందరు, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పు వంజరం బాగా నప్పుతుంది. మెత్తళ్లయితే చాలావరకు ఉప్పు లేకుండానే ఎండబెడతారు, వాటికి ఈ తంటా అక్కర్లేదు.

పిండి సంగతి తేలిక. పావుకిలో చేపకు ఒక కప్పు మైదా, చిటికెడు బేకింగ్ పౌడర్, ఉల్లికాడలు, పచ్చిమిర్చి, పునుగుల పిండి జారుకు సరిపడా నీళ్లు. జమైకావాళ్లు వేసే థైమ్ అనే వాసన ఆకు దొరక్కపోతే కాస్త వాము నలిపి వేయండి, రెండింటి వాసనకూ మూలం థైమాల్ అనే ఒకే పదార్థం. పిండిలో ఉప్పు మాత్రం ముందే వేయకండి. ఒక్క పునుగు వేయించి, తిని చూశాక కావాలంటే అప్పుడు కలుపుకోండి.