నాలుగు కంపెనీలు, ఒకే నంబరు: పద్నాలుగేళ్లు పోర్టబిలిటీ వాడాక

నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే వీలు లేకపోతే మా షాపు ఈపాటికి మూతపడి ఉండేది. ఇది నేను ఊరికే అంటున్న మాట కాదు.

నరసరావుపేట దగ్గర మాది మోటారు రివైండింగ్ షాపు. నాన్న పెట్టింది. 2007లో ఆయన తీసుకున్న సెల్ నంబరే ఇప్పటికీ షాపు నంబరు. అది బోర్డు మీద మాత్రమే ఉండి ఉంటే బోర్డు మార్చుకునేవాళ్లం. కానీ నాన్నకో అలవాటుండేది. బాగుచేసిన మోటారు పొలంలో బిగించాక, స్టార్టర్ డబ్బా తలుపుకు లోపలి వైపు సన్న బ్రష్షుతో, తెల్ల పెయింటుతో నంబరు రాసి వచ్చేవాడు. ఏడంకెకు నడుమ చిన్న గీత పెట్టేవాడు, చీకట్లో ఒకటి అనుకుంటారని. చుట్టుపక్కల పొలాల్లో అలాంటి డబ్బాలు ఎన్ని ఉన్నాయో నాకే తెలియదు. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఇప్పటికీ అర్ధరాత్రి కరెంటొచ్చి మోటారు తిరగకపోతే రైతు టార్చి వేసుకుని ఆ తలుపు తీస్తాడు, అక్కడ కనపడ్డ నంబరుకు ఫోన్ చేస్తాడు. నా గొంతు విని, "నువ్వు వాళ్లబ్బాయివా?" అని అడుగుతాడు. ఆ నంబరు పోతే ఆ ఫోన్లన్నీ పోయినట్టే. అన్ని పొలాలూ తిరిగి, అన్ని తలుపుల మీదా కొత్త నంబరు రాసి రావడం ఎవరి వల్లా కాదు.

మొదటిసారి మారింది 2011లో. పోర్టబిలిటీ ముందు 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతా వచ్చింది. అప్పుడు మా చిన్న ఊళ్లోనే ఎన్ని కంపెనీల రేకు బోర్డులుండేవో! ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌సెల్, టాటా డొకోమో, రిలయన్స్, యూనినార్. కిళ్లీకొట్టు ముందు నాలుగు, చెప్పుల షాపు ముందు మూడు. కాలువ అవతల పొలాలకు వెళ్తే మా సిమ్‌కు సిగ్నల్ అందేది కాదు. అంతకు ముందు ఏడాదంతా నాన్న కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి చెప్పీ చెప్పీ విసిగిపోయాడు. ఆ వేసవిలో పందొమ్మిది రూపాయలు కట్టి పోర్ట్ పెట్టాడు. మర్నాడే పాత కంపెనీ వాళ్లే ఫోన్ చేసి, "ఎందుకు వెళ్లిపోతున్నారు సార్? టాక్‌టైమ్ ఇస్తాం, ఉండండి" అన్నారు. తను పిలిస్తే పలకనివాళ్లు తనను పిలిచి బతిమాలడం నాన్నకు ఎంత నచ్చిందంటే, షాపుకొచ్చిన ప్రతివాడికీ వారం రోజులు ఆ కథే చెప్పాడు. వెళ్లిపోగలిగిన వాడికే విలువ ఉంటుందని ఆయనకు అప్పుడు అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. పోర్టబిలిటీ మీద నా ఇష్టమంతా అక్కడ మొదలైంది.

1900కు మెసేజ్ పంపడం, ఎనిమిది అక్షరాల కోడ్ తెచ్చుకోవడం, మారాక తొంభై రోజులు ఆగడం అందరికీ తెలిసినవే, వాటి గురించి రాయను. నేను రాయాలనుకున్నది రెండోసారి మారినప్పుడు జరిగిన సంగతి.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక రేట్లు ఎలా పడిపోయాయో తెలిసిందే. దాంతో పాటు ఇంకొకటి జరిగింది. సిమ్‌లు షాపుల్లోంచి రోడ్డు మీదికి వచ్చేశాయి. బస్టాండు ముందు, కాలేజీ గేటు దగ్గర, సంతలో ఎక్కడ చూసినా రంగుల గొడుగు, ఒక బల్ల, ఒక కుర్రాడు, వేలిముద్ర పెట్టే చిన్న మిషను. జిరాక్సులు లేవు, ఫోటోలు లేవు. ఆధార్ నంబరు చెప్పి వేలు పెడితే అయిపోయేది. అప్పుడున్న కంపెనీ రేటు మాకు బరువై, 2017లో నేనూ అలాంటి గొడుగు కిందికే వెళ్లాను. మా షాపు నంబరు అమ్మ పేరు మీద ఉంది. 2007లో సిమ్ కొన్న రోజు నాన్న దగ్గర ఏ కార్డూ లేక, అమ్మ ఓటరు కార్డు జిరాక్సు ఇచ్చాడు. అందుకని అమ్మను వెంట తీసుకెళ్లాను.

అమ్మ సీజనులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్లు చూసినవాళ్లకు తెలుస్తుంది, బొటనవేలి కొస నున్నగా అరిగిపోయి గీతలే కనిపించవు. ఆ కుర్రాడు, "పడలేదు పెద్దమ్మా, తుడిచి మళ్లీ పెట్టు" అన్నాడు. అమ్మ కొంగుకు తుడుచుకుని పెట్టింది. "ఇంకొక్కసారి" అన్నాడు. మళ్లీ తుడుచుకుని పెట్టింది. పది నిమిషాల్లో పని అయిపోయింది. నేను తెగ మురిసిపోయాను. షాపుకొచ్చిన ముగ్గురు రైతుల్ని స్వయంగా తీసుకెళ్లి అదే గొడుగు కింద నిలబెట్టాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగుండదు.

నాలుగేళ్ల తర్వాత, 2021లో, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకునే వెబ్‌సైటును టెలికాం శాఖ తెచ్చింది. ముందు మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లకే ఇచ్చారు. ఇప్పుడది ఆ శాఖ పోర్టల్ సంచార్ సాథీలో కలిసి ఉంది. షాపు నంబరు కొట్టి, ఓటీపీ పెట్టి తెరిచాను. అమ్మ పేరు మీద మూడు నంబర్లు వచ్చాయి. ఒకటి షాపుది, ఒకటి అమ్మ కీప్యాడ్ ఫోన్‌ది. మూడోది ఎవరిదో తెలియదు.

వెంటనే 'నాది కాదు' అని నొక్కబోయి ఆగాను. నంబరు పూర్తిగా కనిపించదు, మధ్య అంకెలు దాచి ఉంటాయి. ఎప్పుడో మా మామయ్యకో, పిన్ని కొడుక్కో అమ్మ కార్డు మీద సిమ్ ఇప్పించామేమోనని అనుమానం. ఆ రాత్రి చుట్టాలందరికీ వరసపెట్టి ఫోన్ చేసి, "మీ నంబరు చివరి అంకెలు ఇవేనా?" అని అడిగాం. ఎవరివీ కావు. అప్పుడు నొక్కాను. ఫిర్యాదు నంబరొకటి వచ్చింది. కొన్ని వారాలు గడిచినా ఆ మూడోది జాబితాలోంచి పోలేదు. నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ సిమ్‌తో ఎవరు ఏం చేస్తున్నారో, రేపు ఏ స్టేషన్ నుంచి ఫోన్ వస్తుందో, అరవై నాలుగేళ్ల అమ్మ ఏమని సమాధానం చెబుతుంది?

అమ్మను, ఆధార్ కార్డును తీసుకుని ఆ కంపెనీ షోరూముకు వెళ్లాను. పేరు రాయను, పేరు ఏదైనా ఇక్కడ ముఖ్యం కాదు. కౌంటర్లో ఉన్నతను, "మీవాళ్లే ఎవరో తీసుకుని ఉంటారు. వేలిముద్ర లేకుండా సిమ్ రాదు కదా సార్" అన్నాడు. అది తీసుకున్న తేదీ చెప్పమని గట్టిగా అడిగాను. కాసేపు నసిగి, తెర నా వైపు తిప్పాడు. మా షాపు నంబరు పోర్ట్ అయిన రోజే అది. ఆ గొడుగు కిందే. నేను తేదీ పైకి చదువుతుంటే అమ్మ తన బొటనవేలి వంక చూసుకుని, "ఆ పిల్లోడు నా చేత మూడుసార్లు పెట్టించాడు కదరా" అంది. అప్పటిదాకా నాకు గుర్తే లేదు. ఆమెకు నాలుగేళ్ల నాటి సంగతి గుర్తుంది. తన వేళ్లు అరిగిపోవడం వల్లే అలా జరిగిందని, తప్పు తనదేనని ఆమె బాధ. కాదని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ కుర్రాడి మీద కోపం లేదని అనను. కానీ రోజుకు ఇన్ని సిమ్‌లు అమ్మకపోతే కమిషను రాదని అతణ్ణి ఎండలో కూర్చోబెట్టిన పోటీ కూడా నాకు కనపడుతోంది. మా నాన్నకు విలువ తెచ్చిన పోటీ, అమ్మ వేలిముద్రను దొంగిలించిన పోటీ ఒక్కటే. మొదట్లో నేను ఈ సౌకర్యాన్ని పొగిడిన ప్రతి మాట పక్కనా ఇప్పుడు ఈ సంగతి కూడా చెబుతున్నాను.

షోరూములో రాతపూర్వకంగా ఇచ్చాక, మరో నెలకు ఆ నంబరు జాబితాలోంచి పోయింది. దాన్ని ఎవరు వాడారో మాకు ఎవరూ చెప్పలేదు. 2023లో విజయవాడలో ఒకే మనిషి ఫోటో మీద 650కి పైగా సిమ్‌లు తీసుకున్నారని బయటపడినప్పుడు, మాది ఒక్కదానితో పోయిందని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ భయంతో నేను చేసిన ఇంకో పని గురించి కూడా చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. ఆధార్ యాప్‌లో అమ్మ బయోమెట్రిక్ లాక్ చేసేశాను. ఇక ఎవరూ ఆమె వేలు వాడుకోలేరని ధీమాగా ఉన్నాను. ఒకటో తారీఖు తెల్లవారకముందే పింఛను పట్టుకుని వాలంటీరు వచ్చాడు. అమ్మ వేలు పెట్టింది, పడలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ పడలేదు. గొడుగు కింద విన్న మాటే మళ్లీ వినపడేసరికి అమ్మ ముఖం పాలిపోయింది. నేను షాపు నుంచి వచ్చి లాక్ తీసేదాకా పాపం ఆ అబ్బాయి వాకిట్లోనే కూర్చున్నాడు. రేషనుకు, పింఛనుకు వేలిముద్ర వాడే ఇళ్లలో లాక్ వేసేముందు ఇంట్లోవాళ్లకు ఆ సంగతి చెప్పండి. తీసే పద్ధతి కూడా ఇంకొకరికి నేర్పండి. మేమిప్పుడు నెలాఖరున తీసి, పింఛను వచ్చాక వేస్తున్నాం.

మూడోసారి మారింది 2024 ఆగస్టులో. ఈసారి గొడుగుల జోలికి పోలేదు, నేరుగా కంపెనీ షోరూముకే వెళ్లాం. పద్ధతి చాలా మారింది. 2023 డిసెంబరు 1 నుంచి సిమ్ అమ్మేవాళ్లందరూ కంపెనీ దగ్గర నమోదు కావాలి, నమోదు కానివాళ్ల చేత అమ్మిస్తే కంపెనీకి పది లక్షల జరిమానా. మరుసటి జనవరి నుంచి కాగితం దరఖాస్తులు లేవు. ఈసారి అమ్మను గోడ ముందు కూర్చోబెట్టి అప్పటికప్పుడు ఫోటో తీశారు. "కళ్లు ఆర్పండమ్మా" అంటే, కంట్లో శుక్లాల ఆపరేషనై నెలే కావడంతో ఆమె చాలాసేపు తెరుచుకునే ఉంది. ఆ పిల్ల ఓపిగ్గా నాలుగుసార్లు తీసింది. ప్రతిసారీ తెర మాకు చూపించి, "ఇది రాలేదు, తీసేశాను చూడండి" అంది. ఆ ఒక్క మాటకు నేను ఆ అమ్మాయికి ఎంతో రుణపడ్డాను.

నంబరు మర్నాడే మారిపోయింది. రాత్రి కొద్ది గంటలు మాత్రం పాత సిమ్ పోయి, కొత్తది రాక ఫోన్ మూగబోయింది. పాత సిమ్‌లో మిగిలిన రీఛార్జి రోజులు పోయినట్టే, అవి వెంట రావు. కాబట్టి రీఛార్జి అయిపోవచ్చే రోజుల్లో పెట్టుకోవడం మంచిది.

ఇంకో దెబ్బ అమ్మ ఫోన్‌తో తగిలింది. ఆమె నంబరు కూడా మారుద్దామనుకుంటే, 2జీ లేని కంపెనీ సిమ్ ఆ పాత కీప్యాడ్ ఫోన్‌లో పనే చేయదు. ఆమె కోసం ఎంచుకోవడానికి నిజంగా మిగిలినవి రెండు మూడే. అసలు నాన్న నాటి ఆ బోర్డులన్నీ ఏమైపోయాయి? ఎయిర్‌సెల్ మూతపడింది, యూనినార్ పేరు మారి చివరికి ఎయిర్‌టెల్‌లో కలిసింది, ఐడియా, వొడాఫోన్ 2018లో ఒకటయ్యాయి. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒక రోజు అటూ ఇటుగా రేట్లు పెంచాయి. రేటు కోసమే మారేవాళ్లకు మారే చోటు ఎక్కడుంది? బీఎస్ఎన్ఎల్ ఉంది. చాలామంది వెళ్లారు కూడా. మా కాలువ అవతల దాని సిగ్నల్ సరిపోదు, అందుకే నేను వెళ్లలేకపోయాను. మీ ఊళ్లో బాగుంటే మీ లెక్క వేరు. నేను మారింది సిగ్నల్ కోసమే, రేటులో నాకు మిగిలిందేమీ లేదు. ఈసారి పాత కంపెనీ నుంచి బతిమాలుతూ ఫోన్ కూడా రాలేదు.

డేటా అక్కర్లేనివాళ్లకు మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే విడిగా ప్యాక్ ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. అమ్మకు ఇప్పుడు అదే వేస్తున్నాం. నెట్ వాడని మనిషి నెట్‌కు డబ్బు కట్టే బాధ ఒకటి తప్పింది.

మరి పోర్టబిలిటీ మంచిదా కాదా అంటే, నాకు మంచిదే, ఇప్పటికీ అంతే ఇష్టం. నా బతుకు ఆ నంబరు మీదే ఉంది, ఇంకొకరికి అలా ఉండకపోవచ్చు. కొత్త నంబరు తీసుకున్నా పరవాలేదనుకునేవాళ్లకు ఇంత అవస్థ అనవసరం కావచ్చు. నంబరు పెద్దవాళ్ల పేరు మీద ఉంటే మాత్రం వాళ్లను గొడుగుల దగ్గరికి తీసుకెళ్లకండి, వాళ్లు ఎన్నిసార్లు వేలు పెట్టారో, ఎన్ని ఫోటోలు తీశారో పక్కనుండి చూడండి. నెల తర్వాత జాబితా తెరిచి చూడండి. షాపు నంబరును నా పేరు మీదికి మార్చుకోమని అందరూ అంటున్నారు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు, నాన్న తన పేరు మీద తీసిన నంబరు కదా, ఉండనీ అంటోంది. ఈ ఉగాదికి జాబితా చూశాం. రెండే ఉన్నాయి.