మెడలో నాలుగేళ్ల స్టాప్‌వాచ్: ఈత పోటీల తయారీకి ఎంతవరకు పనికొచ్చింది

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు నిండిన ఏడాది, కోచ్ ఆమెను వేసవి శిబిరం బ్యాచి నుంచి పోటీల బ్యాచిలోకి మార్చిన వారంలోనే, అబిడ్స్‌లోని ఒక క్రీడా సామగ్రి దుకాణంలో ఈ స్టాప్‌వాచ్‌ను రూ. 1,150కి కొన్నాను. ఇప్పుడు ఆమెకు పదమూడేళ్లు. మూడు వరుసల తెర, వంద ల్యాప్‌లను దాచుకునే మెమరీ, స్ట్రోక్ రేటు (నిమిషానికి చేతులు ఎన్ని చుట్లు తిరుగుతున్నాయో) చూపే మీట, మెడలో వేసుకునే తాడు దీని హంగులు. ఇదే అచ్చు వాచీ రెండు మూడు పేర్లతో మార్కెట్లో దొరుకుతుంది కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

ఫోన్‌లోనే స్టాప్‌వాచ్ ఉండగా ఇదెందుకని మా ఇంట్లో మొదట ప్రశ్న వచ్చింది. పూల్ గట్టున నిలబడితే వేళ్లు తడవక మానవు, తడి వేలికి ఫోన్ తెర పలకదు. పైగా ఎక్కడ నొక్కుతున్నామో చూడటానికి తల దించితే, సరిగ్గా ఆ క్షణంలోనే పిల్ల గోడను తాకేస్తుంది. మీట ఉన్న వాచీ అయితే చూపు నీళ్ల మీదే ఉంటుంది, బొటనవేలు తన పని తాను చేసుకుపోతుంది. ఈ ఒక్క కారణానికే ధర గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

అయితే మొదటి నాలుగు నెలలూ నేను దీన్ని తప్పుగా వాడాను. తెర మీద ఒక వరుసలో ల్యాప్, మరో వరుసలో స్ప్లిట్ కనిపిస్తాయి. ఆ ఒక్క ముక్కకు పట్టిన కాలం ల్యాప్, మొదటినుంచి అప్పటిదాకా గడిచిన మొత్తం కాలం స్ప్లిట్. ఈ రెండింటినీ తారుమారు చేసి నోటు పుస్తకంలో రాసుకున్న అంకెలన్నీ తరువాత కొట్టివేయవలసి వచ్చింది. తేడా తెలిశాక గాని వాచీ విలువ తెలియలేదు. ఒకసారి మా అమ్మాయి 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో మొదటి 50 మీటర్లను 34.5 సెకన్లలో, రెండో 50 మీటర్లను 41.8 సెకన్లలో ఈదింది. మొత్తం 1 నిమిషం 16.3 సెకన్లు అని మాత్రమే తెలిస్తే ఇంకా గట్టిగా ఈదమని చెప్పేవాళ్లం. రెండు ముక్కల మధ్య ఏడు సెకన్లకు పైగా తేడా కనిపించడంతో, మొదట్లోనే ఊపిరంతా ఖర్చు పెట్టేస్తోందని అర్థమైంది. మూడు నెలల తరువాత అదే దూరాన్ని 36.2, 38.9 సెకన్లుగా పంచుకుని ఈదితే మొత్తం 1 నిమిషం 15.1 సెకన్లకు దిగింది. మొదటి సగం నెమ్మదించింది, మొత్తం మాత్రం తగ్గింది.

ఈ వాచీ చూపే సెకనులో నూరో వంతును నమ్మవచ్చా అంటే నమ్మకూడదనే చెబుతాను, అందులో వాచీ తప్పేమీ లేదు. గచ్చిబౌలిలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన ఈత కొలను వంటి 50 మీటర్ల పూల్‌లో 50 మీటర్ల పందెం ఒక గట్టున మొదలై రెండో గట్టున ముగుస్తుంది. ముగిసే గట్టున నిలబడి కాలం కొలిచేవారికి పందెం మొదలుపెట్టే స్టార్టర్ శబ్దం చేరడానికే సుమారు 0.15 సెకను పడుతుంది. అందుకే శబ్దం కోసం ఆగకుండా స్టార్టర్ దీపం వెలుగును చూసి నొక్కమంటారు. అప్పుడు కూడా కన్ను చూశాక వేలు కదలడానికి ఆలస్యమవుతుంది, ముగింపులో మాత్రం చెయ్యి గోడను తాకబోతోందని ముందే తెలుస్తుంది గనుక వేలు తొందరపడుతుంది. ఈ రెండూ కలిసి చేతి కొలతను సాధారణంగా తక్కువగానే చూపిస్తాయి. ఒకసారి నా వాచీలో 33.10 వస్తే, తాకుడు పలకతో పనిచేసే ఎలక్ట్రానిక్ బోర్డు మీద 33.34 పడింది. 2021 జూన్‌లో రోమ్‌లో సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైను 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, నేరుగా అర్హత ఇచ్చే ఒలింపిక్ 'ఏ' ప్రమాణాన్ని అందుకున్న తొలి భారత ఈతగాడయ్యాడు. ఆ ప్రమాణం 1 నిమిషం 56.48 సెకన్లు. అంటే ఆయన ఒలింపిక్ అర్హతను తేల్చిన తేడా నా బొటనవేలి పొరపాటులో సగం కూడా లేదు. (అదే రోమ్‌లో 1960 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ ఫైనల్‌లో చేతి గడియారాలు లాన్స్ లార్సన్‌ను ముందు చూపినా, న్యాయనిర్ణేతలు స్వర్ణాన్ని జాన్ డెవిట్‌కు ఇచ్చిన సంగతి ఈ వాచీ కొన్నాకే చదివాను.)

ఈ సంగతి తెలియక చేసిన తప్పుకు మూల్యం మా అమ్మాయి చెల్లించింది. మొదటి పెద్ద పోటీ దరఖాస్తులో ఎంట్రీ టైమ్ (పిల్ల ఆ దూరాన్ని ఎంతలో ఈదగలదో ముందే చెప్పే కాలం) గడిలో, మా కాలనీ దగ్గరి 25 మీటర్ల పూల్‌లో నా చేత్తో కొలిచిన కాలాన్ని యథాతథంగా రాశాను. 25 మీటర్ల పూల్‌లో 100 మీటర్లకు మూడు టర్న్‌లు (గోడ దగ్గర వెనుదిరగడాలు) వస్తాయి, 50 మీటర్ల పూల్‌లో ఒక్కటే. గోడను తన్నిన ప్రతిసారీ వేగం కలిసి వస్తుంది కనుక చిన్న పూల్‌లో కాలం సహజంగానే తగ్గుతుంది. హీట్స్‌ను, అంటే ఫైనల్‌కు ముందు జరిగే విడి పందేలను, ఎంట్రీ టైమ్‌లను బట్టి కూరుస్తారు, వాటిలో వేగవంతులకు మధ్య లేన్లు ఇస్తారు. నేను రాసిన అంకె పుణ్యమా అని తనకంటే ఎంతో బలమైన పిల్లల నడుమ ఐదో లేన్‌లో నిలబడి, అందరికంటే చివర గోడ తాకింది. తప్పు నాది, ఏడ్చింది తను.

వాచీని అన్నిటికంటే ఎక్కువగా వాడుకున్నది టర్న్‌లను కొలవడానికే. వెల్లకిలా బ్యాక్‌స్ట్రోక్ ఈదేవారికి గోడ దగ్గర పడిందని తెలియడానికి గోడకు 5 మీటర్ల దూరంలో, నీటికి 1.8 మీటర్ల ఎత్తున జెండాల తోరణం కడతారు. పిల్ల తల ఆ తోరణం కిందికి రాగానే ఒకసారి, టర్న్ తిరిగి మళ్లీ అదే తోరణాన్ని దాటగానే ఇంకొకసారి మీట నొక్కితే, పది మీటర్ల టర్న్‌కు పట్టిన కాలం విడిగా చిక్కుతుంది. మా కాలనీ పూల్‌లో జెండాలు లేవు. వినాయక చవితి పందిరికి కట్టగా మిగిలిన రంగు కాగితాల తోరణాన్ని టేపుతో కొలిచి, కోచ్ అనుమతితో రెండు స్తంభాలకు కట్టాము. వారానికోసారి తడిసి రాలిపోయేది, మళ్లీ కట్టేవాళ్లం. మొదట 8.1 సెకన్లు పట్టిన టర్న్ ఆరు నెలలకు 7.4 సెకన్లకు వచ్చింది. ఈదే వేగం మారలేదు, బలమూ పెద్దగా పెరగలేదు; గోడ ముందు ఊపిరి పీల్చే అలవాటు మానడం, తన్నాక చేతులు చాచి నీళ్ల అడుగున కాసేపు అలాగే జారుతూ సాగడం, ఇంతే.

స్ట్రోక్ రేటు మీట గురించి దుకాణదారుకు కూడా తెలియదు. ఒక చెయ్యి నీళ్లలో పడగానే నొక్కి, అదే చెయ్యి మూడుసార్లు తిరిగి వచ్చి పడినప్పుడు మళ్లీ నొక్కాలి. ఆ మూడు చుట్లకు 4.5 సెకన్లు పడితే తెర మీద నిమిషానికి 40 అని వస్తుంది. పందెం చివరి 25 మీటర్లలో ఈ అంకె పెరుగుతూ వేగం తగ్గుతుంటే, చేతులు గబగబా ఆడుతున్నాయే గాని నీళ్లను పట్టడం లేదని గుర్తు.

ఇక వాచీ వల్ల కలిగిన చెరుపు. రెండో ఏడాదికి మా అమ్మాయి గోడ తాకగానే కోచ్ వైపు కాక నా మెడ వైపు చూసి "నాన్నా, ఎంత?" అని అడగడం మొదలుపెట్టింది, తరువాత సాధన మధ్యలోనే, టర్న్‌కు ముందు తల ఎత్తి చూసేది. కోచ్ ఒక రోజు నన్ను పక్కకు పిలిచి, "సార్, వాచీ జేబులో పెట్టుకోండి, పాప ఈత మానేసి మీ ముఖం చూస్తోంది" అన్నారు. అప్పటినుంచి నేను దూరంగా, ఆమె చూపు పడని మూల నిలబడి కొలుస్తున్నాను. అంకెలను వారానికొకసారి కోచ్‌కు మాత్రమే ఇస్తాను. ఈ వాచీలో నొక్కినప్పుడల్లా వచ్చే కీచు శబ్దాన్ని ఆపే వీలు లేదు. ఇలా దాక్కుని కొలిచేవారికి ఇది నిజంగా ఇబ్బందే.

పోటీ రోజున దీని అవసరం తక్కువ. తల్లిదండ్రులను పూల్ గట్టుకు రానివ్వరు, గ్యాలరీ నుంచి చూస్తే చెయ్యి గోడను తాకిన క్షణం సరిగా తెలియదు. వార్మప్‌కూ పందేనికీ మధ్య ఎంత సేపు గడిచిందో చూసుకోవడానికి, ఒళ్లు చల్లబడకుండా ఎప్పుడు లేపాలో తెలుసుకోవడానికి మాత్రం వాడుతున్నాను.

మన్నిక సంగతి చెప్పాలంటే, పెట్టె మీద నీటిని తట్టుకుంటుందని రాసి ఉన్నా, అది తుంపర్లకే. మూడో ఏడాది వాచీ నీళ్లలో పడి, తెర లోపల ఆవిరి పట్టి, బియ్యం డబ్బాలో రెండు రోజులు ఉంచాక గాని తేరుకోలేదు. క్లోరిన్‌కు మీటల మీది రబ్బరు పగిలింది, తాడు రెండుసార్లు తెగింది. బిళ్ల బ్యాటరీని కోఠిలో రెండుసార్లు మార్పించాను, ఒక్కోసారి వంద రూపాయలు కూడా కాలేదు. తెరకు వెనుక వెలుగు లేదు. డిసెంబరులో ఉదయం ఐదున్నరకు ఆరుబయట పూల్ దగ్గర అంకెలు చదవాలంటే ఫోన్ టార్చి వేసుకోక తప్పదు. మళ్లీ కొనవలసి వస్తే రెండు మూడు వందలు ఎక్కువైనా వెలుగున్నదీ, శబ్దం ఆపగలిగినదీ కొంటాను.