పాత బండి డ్రమ్ము బ్రేకు: కొత్త షూలు కొనాలా, లైనింగ్ వేయించాలా, డిస్క్‌కి మారాలా?

డెల్టాలో పాత బండి నడిపేవాళ్లకి బ్రేకుల గొడవ కాస్త ఎక్కువే. నాట్ల రోజుల్లో కాలవ గట్ల మీద బురద, ఆ తర్వాత తుఫాను వానలు, అంతర్వేది వైపు వెళ్తే ఉప్పు గాలి. వీటన్నిటికీ తోడు వెనక సీటు మీద కొబ్బరికాయల బస్తానో, చేపల ట్రేలో ఉంటాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి ఏటవాలు మీద బండిని ఆపి నిలబెట్టాలంటే బ్రేకు గట్టిగా పట్టాల్సిందే. అందుకే బ్రేకు బాగుచేసే పని ఇంట్లో మొదలుపెట్టేముందు ఏది కొనాలో, ఏది వద్దో తేల్చుకోవాలి.

చక్రం విప్పగానే అందరి కళ్లూ షూల మీదికే పోతాయి. చక్రంతో పాటు తిరిగే గిన్నె లాంటిది డ్రమ్ము, బ్రేకు వేస్తే దాని లోపలి గోడకి ఒత్తుకునే వంపు ముక్కలు షూలు, వాటి మీద ఉండే రాపిడి పొర లైనింగ్. నేనైతే ముందు డ్రమ్ము చూడమంటాను. డ్రమ్ము లోపలి అంచు దగ్గర గోరు పెట్టి లాగండి. మెట్టులా తగిలితే డ్రమ్ము అరిగిందన్నమాట. చాలా బండ్ల హబ్బు మీద, అంటే డ్రమ్ము ఉండే చక్రం నడిమి దిమ్మ మీద, డ్రమ్ము గరిష్ఠ వ్యాసం అచ్చు పోసి ఉంటుంది. 130 మిల్లీమీటర్ల డ్రమ్ముకి మామూలుగా అది 131. ఆ హద్దు దాటితే హబ్బు మార్చాల్సిందే. హద్దు లోపలే ఉన్నా బాగా అరిగిన డ్రమ్ములో కొత్త షూ వంపు, డ్రమ్ము వంపు కలవవు. లైనింగ్ నడుమ మాత్రమే తగులుతుంది, రెండు కొసలూ గాలిలో ఉంటాయి. షూలు కొత్తవే అయినా బ్రేకు మాత్రం పాతదాని కన్నా మెత్తగా ఉంటుంది. కొత్త షూలు వేసినా బ్రేకు పడట్లేదని బాధపడేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

స్ప్లెండర్ లాంటి బండికి నా ఓటు కంపెనీ షూలకే. ప్రతి చిన్న ఊళ్లోనూ దొరుకుతాయి, కొలత తేడా రాదు, స్ప్రింగులు కూడా అప్పుడే మార్చేయొచ్చు. ఊరూ పేరూ లేని చవక షూల జోలికి మాత్రం పోవద్దు. వాటి లైనింగ్ గట్టిగా ఉండి త్వరగా నున్నబడిపోతుంది, పైగా పోత సరిగ్గా లేక షూ ప్లేటు మీద ఊగుతుంటుంది.

పాత యెజ్డీ, రాజ్‌దూత్‌ బండ్ల సంగతి వేరు. మైసూరులో యెజ్డీ ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికే షూలలో ఎవరెవరో పోసిన నకళ్లే ఎక్కువ. మీ బండితో పాటు వచ్చిన షూలు పగుళ్లు లేకుండా ఉంటే వాటిని పారేయకండి, బంగారం లాంటివి. లారీలకీ ఆటోలకీ లైనింగులు వేసే షాపుకి తీసుకెళ్లి కొత్త లైనింగ్ వేయించండి. షూలతో పాటు డ్రమ్మునీ పట్టుకెళ్లాలి. డ్రమ్ము గాడులు పడితే లేత్ మీద పలచగా కోయించి, ఆ కొలతకి సరిపడా మందం లైనింగ్ వేసి, వంపు కలిసేలా రుద్ది ఇస్తారు. మార్కెట్లో కొన్న షూకి ఈ సౌకర్యం ఉండదు. అరిగిన డ్రమ్ముకి లైనింగే మేలనడానికి కారణం ఇదే.

లైనింగ్ అతికించేదైతే ఒక జాగ్రత్త. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో షూ లోహం మీద తుప్పు పొర పెరిగి అంచుల దగ్గర లైనింగుని పైకి లేపుతుంది. పాత పొరంతా తెల్లగా మెరిసేదాకా గీకిన తర్వాతే అతికించమని షాపులో నిలబడి చెప్పండి. రివిట్లు వేసేదైతే ఊడే భయం తక్కువ, కానీ లైనింగ్ అరిగాక రివిట్ తలలు డ్రమ్ముని గీరేస్తాయి. ఆ లోపే విప్పి చూడాలి.

ఇక కొందరు మెకానిక్కులు, బ్రేకు నొక్కితే తిరిగి షూలని విడదీసే క్యామ్ తగిలే చోట రేకు ముక్క పెట్టి, అరిగిన షూతోనే ఇంకొన్నాళ్లు లాగిస్తారు. దీన్ని నేను ఏ మాత్రం ఒప్పుకోను. క్యామ్ మరీ ఎక్కువ తిరిగితే వెనక్కి రాకుండా ఇరుక్కుపోవచ్చు. గట్టు మీద చక్రం పట్టేస్తే బండి ఎటు పడుతుందో మీకే తెలుసు.

డిస్క్ వానలో బాగా పట్టే మాట నిజమే. నీళ్లలోంచి బయటికి రాగానే తడి త్వరగా వదులుతుంది. కానీ పాత బండికి దాన్ని బిగించాలంటే ఫోర్కు, హబ్బు, మాస్టర్ సిలిండర్ అన్నీ మారాలి. పైగా దాని ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మార్చాలి. సరిగ్గా కుదిరిన డ్రమ్ము ఉన్న బండికి అంత ఖర్చు దండగ.

ఇంట్లో బిగించేటప్పుడు క్యామ్ ఆర్మ్ విప్పకముందే క్యామ్ ఇరుసు మీద, ఆర్మ్ మీద పంచ్‌తో ఒక గుర్తు కొట్టుకోండి. లోపలి దుమ్ముని నోటితోగానీ గాలితోగానీ ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకి ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. క్యామ్ మీద వేడికి కరగని గ్రీజు పలచగా రాస్తే చాలు. ఎక్కువైతే జారి లైనింగ్ మీదికి వస్తుంది, నూనె పీల్చిన లైనింగ్ ఎంత కడిగినా పనికిరాదు. షూలు రెండింటికీ స్ప్రింగులు తగిలించి, పుస్తకం సగం తెరిచినట్టు పట్టుకుని, కొసలు క్యామ్ మీదా పిన్ను మీదా ఆనించి అరచేతులతో కిందికి నొక్కితే టక్కున కూర్చుంటాయి. స్ప్రింగుని స్క్రూ డ్రైవర్‌తో లాగాల్సిన పనే లేదు.

వంపు కలిసిందో లేదో చూడ్డానికి లైనింగ్ మీద సుద్ద రాసి, చక్రం ఎక్కించి, తిప్పుతూ నెమ్మదిగా బ్రేకు నొక్కి మళ్లీ విప్పండి. సుద్ద పొడుగునా చెరిగిందా సరే. నడుమ మాత్రమే చెరిగితే షాపుకి తిరిగి వెళ్లాల్సిందే. చివరిగా యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు బ్రేకు తొక్కి పట్టుకోండి, ప్లేటు డ్రమ్ముకి నడుమ సర్దుకుంటుంది. ఆ తర్వాత కొన్నాళ్లు బరువు వేయకుండా, మెల్లగా బ్రేకు వేస్తూ నడిపి, లైనింగ్ కుదురుకున్నాక రాడ్డు మళ్లీ ఒకసారి బిగించుకోండి.